మండువా పోయింది, మేడ వచ్చింది

మొన్న వేసవిలో అమ్మని చూసొద్దామని అమలాపురం వెళ్లాను. మధ్యాహ్నం రెండు దాటింది. ముందు గదిలో ఎవరూ లేరు. వంటింట్లోనూ లేరు. మేడ మీద అమ్మ గదిలో ఫాను దాని మానాన అది తిరుగుతోంది గాని మంచం మీద మనిషి లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. వెతగ్గా వెతగ్గా, మెట్ల కింద, బియ్యం డబ్బాకీ పాత కుట్టుమిషనుకీ మధ్య సందులో, గచ్చు మీద కొంగు పరుచుకుని పడుకుని కనిపించింది. పక్కనే పిల్లి.

"ఇదేవిటమ్మా, ఇక్కడ పడుకున్నావ్?" అన్నాను.

"ఇంటి మొత్తానికి చల్లగా ఉన్న చోటు ఇదొక్కటేనే. నేను కనిపెట్టింది కాదు, పిల్లి కనిపెట్టింది" అంది.

డెబ్భై రెండేళ్ల మనిషి. అంతకు వారం ముందు మేడ మీద గదిలో బట్టలు మడతపెడుతూ కళ్లు తిరిగి పడిపోయిందట. మాకెవరికీ చెప్పలేదు. బి.పి. బాగానే ఉంది, షుగరూ బాగానే ఉంది, ఇది వడదెబ్బేనన్నాడట డాక్టరు. "ఎండలో తిరక్కండమ్మా" అని సలహా కూడా ఇచ్చాడట. అమ్మ ఎండలో ఎక్కడ తిరిగింది గనక! ఆవిడ ఇంట్లోనే ఉంది. ఎండే వెతుక్కుంటూ ఇంట్లోకొచ్చింది.

నవలలు రాసుకునే దాన్ని, నాకు ఇంజనీరింగు తెలీదు. బి.ఏ.లో చరిత్ర చదివాను. అంచేత ఏది అర్థం కాకపోయినా, "ఇది ఎప్పట్నుంచి ఇలా ఉంది? అంతకు ముందెలా ఉండేది?" అని అడగడం ఒక్కటే నాకు చేతనైన పని. ఆ రాత్రి మేడ మీద నిద్ర పట్టక, తలగడ కూడా వేడిగా తగులుతుంటే, ఆ ప్రశ్నే వేసుకున్నాను.

అంతకు ముందు మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. మామ్మగారి మండువా లోగిలి. ఇప్పటి పిల్లలకి సినిమాల్లో తప్ప తెలీదు గనక కాస్త చెప్తాను. నాలుగు వైపులా వసారాలు, వాటి వెనక గదులు, నడుమ కప్పు లేకుండా ఆకాశానికి వదిలేసిన జాగా. వానొస్తే నాలుగు చూరుల నీళ్లూ ఆ నడిమి పల్లంలోకే పడి, తూములోంచి దొడ్లోకి పోయేవి. గోడలు మూరెడు మందం. చూరు ఎంత కిందికి ఉండేదంటే, మా నాన్నగారి పొడుగు వాళ్లు తల వంచుకుని గాని వసారాలోకి వచ్చేవాళ్లు కాదు. కొత్తల్లుళ్లకి కనీసం ఒకసారైనా నుదురు బొప్పి కట్టేది. ఎండ మాత్రం ఆ చూరు దాటి గోడ మీద పడేది కాదు.

పైన గూనపెంకులు. ఒక వరస వెల్లకిలా, దాని మీద ఇంకో వరస బోర్లా. పెంకుకీ పెంకుకీ మధ్య సందు. వాన నీళ్లు దిగవు గాని లోపలి వేడిగాలి ఆ సందుల్లోంచి జారిపోయేది. పెంకుల కింద అటక. అటక మీద కొబ్బరికాయలు. కోనసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు, కురిడీలు తయారయ్యేది అక్కడే. నెలల తరబడి కాయ అటక మీద ఉంటే, లోపలి నీళ్లు ఇగిరి, కొబ్బరి డొక్కని వదిలేసి గిలకలా కదులుతుంది. అంటే పైకప్పు మీద పడ్డ ఎండని మా మామ్మ కొబ్బరికాయలు ఎండబెట్టడానికి వాడుకునేదన్న మాట. కాయల కింద టేకు బల్లలు, ఆ బల్లల కింద మేము. ఆ వేడి మా దాకా దిగేది కాదు.

వీధి గుమ్మంలో నిలబడి చూస్తే దొడ్డి గుమ్మం, దాని వెనక నుయ్యి, అరటి చెట్లు తిన్నగా కనిపించేవి. "ఇదేం వాస్తు మామ్మా?" అంటే, "వాస్తూ లేదు, గీస్తూ లేదు. గాలికి తోవ" అనేది. మండువాలో వేడెక్కిన గాలి పైకి లేచిపోతే, ఆ ఖాళీలోకి అరటి చెట్ల కింది చల్లగాలి లాక్కుని వచ్చేది. రాత్రిపూట మండువా గచ్చు ఆకాశానికి తన వేడి వదిలేసుకుని, తెల్లారేసరికి కాలు పెడితే జివ్వుమనేది.

ఇలాంటి ఇళ్లు మావైపు ఇన్ని ఎందుకు లేచాయో చరిత్ర చెప్తుంది. 1833లో వచ్చిన డొక్కల కరువు గోదావరి జిల్లాను కూడా వదల్లేదు. ఇంత పెద్ద నది పక్కన పెట్టుకుని జనం తిండి లేక పోయారు. ఆ తర్వాత కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేశాడు. కాలవలొచ్చాయి. వరి, కొబ్బరి, చేతిలో నాలుగు డబ్బులు వచ్చాయి. ఏజెన్సీ అడవుల్లోంచి కలప తెప్పలు కట్టుకుని గోదారి మీద దిగొచ్చేది. పెంకులు ఊరి కుమ్మరి చేసేవాడు. తర్వాత్తర్వాత మిల్లు పెంకులొచ్చాయి. వాటిని మనం బెంగుళూరు పెంకులంటాం గాని నిజానికి అవి పుట్టింది మంగుళూరులో, 1865లో బాసెల్ మిషన్ వాళ్లు పెట్టిన ఫ్యాక్టరీలో. ఊరి పేరు మన దాకా వచ్చేసరికి ఎలా మారిందో మరి!

కాలవలు పంటలకే అనుకుంటాం. ఊరి పక్క నుంచి నిండుగా పారే నీళ్లు ఊరి వేడిని కూడా కొంత లాక్కునేవి. అయితే సరిగ్గా ఎండలు ముదిరే వేళకే మరమ్మతులకని కాలవ కట్టేస్తారు. కట్టేసే లోపల ఊరి చెరువులు నింపుకోవాలి. ఆ హడావిడి మా ఊళ్లో ఒక చిన్న పండగలా ఉండేది. ఇప్పుడు అమలాపురంలో కాలవ గట్టు మీద నిలబడితే వచ్చే గాలి గురించి నేను రాయకపోవడమే మంచిది.

ఇంతవరకూ రాసి, ఒకసారి చదువుకుని, కలం కింద పెట్టేశాను. చల్లటి ఇల్లు, చల్లటి ఇల్లు అని పొగుడుతున్నాను సరే, ఆ చల్లదనం ఎవరికి?

మండువాలో పడక్కుర్చీ తాతయ్యది. మధ్యాహ్నం భోజనం చేసి, విసనకర్ర పొట్ట మీద పెట్టుకుని ఆయన కునుకు తీసేవారు. అదే వేళకి మామ్మా, దొడ్డమ్మా, అమ్మా వెనక వంటింట్లో ఉండేవారు. కొబ్బరి మట్టలు, డొక్కలు పెట్టి వండే పొయ్యి. పొగ పోవడానికి పైన ఒక్క చిన్న గూడు. మగవాళ్ల భోజనాలయ్యాక పిల్లలవి, ఆ తర్వాత పాలేళ్లకి పెట్టి, ఆఖర్న తాము తిని, అంట్లు తీసి, సాయంత్రం టిఫిను ప్రయత్నంలోకి దిగేవారు. అంత గొప్ప మండువాలో మా అమ్మ నడుం వాల్చగా నేను చూసింది బహుశా ఏ పురిటి రోజుల్లోనో తప్ప లేదు. మండువా లోగిళ్ల మీద వచ్చే పెద్ద పెద్ద పుస్తకాల్లో స్తంభాల చెక్కడాల ఫొటోలు ఎన్నో ఉంటాయి. వంటింటి ఫొటో ఒక్కటీ ఉండదు. 1999లో దీపం పథకం కింద గాస్ పొయ్యిలు ఇచ్చినప్పుడు, పొగలేని వంటిల్లు చూసి మా దొడ్డమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. అన్నాళ్లూ ఆవిడ కళ్లనీళ్లకి పొగే కారణం గనక, ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు.

ఇంకా దూరం నడిస్తే పేట. అక్కడివి తాటాకు కప్పుల ఇళ్లు. నిజం చెప్పాలంటే చల్లదనంలో తాటాకుని మించింది లేదు. జానెడు మందాన ఆకు మీద ఆకు, వాటి మధ్య గాలి. పెంకుటింటి కంటే చల్లన. కానీ నిప్పురవ్వ ఒకటి లేస్తే? ఏప్రిల్, మే నెలల్లో గాలి అటు తిరిగితే ఒక పొయ్యిలోంచి ఎగిరిన రవ్వ వరసంతా నాకేసేది. నా చిన్నతనంలో రెండుసార్లు చూశాను. నీళ్ల చెరువు ఊరికి ఈ చివర, పేట ఆ చివర. బిందెలతో పరిగెత్తేసరికి మిగిలేది నిట్రాళ్ల మొదళ్లే. 1980లలో ప్రభుత్వం పక్కా ఇళ్లు కట్టించి ఇస్తుంటే, మా ఇంట్లో పనిచేసే ఆవిడకీ ఒకటి వచ్చింది. చిన్న గది, నెత్తిన స్లాబు. "ఉక్కగా లేదూ?" అని అడిగింది మామ్మ. "ఉక్కైతే ఉక్కయ్యిందండి. అంటుకోదు గదండీ, ఆయ్" అందావిడ. స్లాబు వచ్చింది షోకు కోసం అనుకునేవాళ్లు ఆ మాట వినుండాల్సింది.

మా ఇంట్లో స్లాబు ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి.

1996 నవంబరు 6, బుధవారం. దీపావళి నాలుగు రోజులుంది. మతాబులకి కాయితం గొట్టాలు చుట్టుకుని అరుగు మీద ఎండబెట్టుకున్నాం. సాయంత్రం నుంచి గాలి. మొదట పెంకులు ఒకటీ అరా ఎగిరాయి. చీకటి పడ్డాక ఎవరో పైనుంచి తట్టలతో కుమ్మరిస్తున్నట్టు మండువాలో పెంకులు పడ్డాయి. చూరు కింద గాలి దూరి, ఇంటి కప్పు పైకి లేచి దిగుతోంది. చిన్నపిల్లాడి డొక్కలు ఎగిసినట్టు. నాన్న మమ్మల్ని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోమని, వీధి దాటించి ఎదురింటి డాబాలోకి తీసుకెళ్లారు. ఆ వీధి దాటడానికి నాలుగడుగులు. ఆ నాలుగడుగులు నాకింకా కలలోకొస్తాయి. ఊళ్లో అప్పటికి డాబాలు నాలుగో అయిదో. ఆ రెండు గదుల్లో నలభై మందిమి, ఊరివాళ్లూ పేటవాళ్లూ అన్న తేడా లేకుండా, తెల్లార్లూ నిలబడే ఉన్నాం. తేడా లేకపోవడం ఆ ఒక్క రాత్రికే అనుకోండి.

తెల్లవారి బయటికొస్తే ఆకాశం చాలా పెద్దగా కనిపించింది. ఎందుకో వెంటనే అర్థం కాలేదు. కొబ్బరిచెట్లు లేవు. తల తెగినవి కొన్ని, మొదలంటా పడుకున్నవి కొన్ని. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. పెంకుటిళ్లు, పూరిళ్లు ఎన్ని కూలాయో! ఆ తర్వాత మావైపు ఇల్లు కట్టిన ప్రతి మనిషీ ముందు స్లాబు గురించే అడిగాడు. ఆ రాత్రి చూసినవాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. డాబా మమ్మల్ని కాపాడింది. ఈ మాట చెప్పకుండా డాబాలని తిట్టడం కృతఘ్నత.

1998లో నాన్న అమలాపురంలో డాబా కట్టించారు. కింద అద్దెకి, పైన మేము. మండువా స్తంభాలు, గుమ్మాలు ఎవరో వ్యాపారి వచ్చి లారీలో వేసుకుపోయాడు. ఏ ఊళ్లో ఏ రిసార్టులో ఉన్నాయో అవి. అక్కడ ఏ.సి. పెట్టే ఉంటారు.

ఇంతకీ స్లాబులో ఉన్న చిక్కేమిటి? అది బల్లపరుపుగా పడుకుని రోజంతా ఎండ తాగుతుంది. తాగింది వెంటనే కిందికి వదలదు. నాలుగైదు అంగుళాల కాంక్రీటులోంచి వేడి మెల్లిగా దిగడానికి గంటలు పడుతుంది. సరిగ్గా మనం అన్నాలు తిని మంచం ఎక్కే వేళకి అడుగు భాగం బాగా కాగి ఉంటుంది. అట్లపెనం బోర్లించి దాని కింద మనల్ని పడుకోబెట్టినట్టు. కింద ఫాను వేస్తే ఆ పెనానికి ఆనుకున్న గాలినే తెచ్చి మొహాన కొడుతుంది. అటక లేదు, పెంకుల సందు లేదు, చూరు లేదు. చూరు అంటే స్థలం దండగ అని మేస్త్రీ అడుగున్నర సన్ షేడుతో సరిపెట్టాడు. మూడడుగుల జాగా కోసం నీడ వదులుకున్నాం.

ఒక్క ఇల్లయితే సరే. ఇలాంటివి వేలకి వేలు ఒకదాన్నొకటి ఆనుకుని లేస్తే ఊరే ఒక స్లాబు అవుతుంది. ఈ సంగతి మొట్టమొదట గమనించింది లండన్‌లో ల్యూక్ హోవర్డ్ అనే ఒక మందుల వ్యాపారి. మబ్బులకి మనం ఇప్పుడు వాడే లాటిన్ పేర్లు పెట్టింది కూడా ఈయనే. రోజూ ఊరి బయటా ఊరి లోపలా వేడి కొలిచి రాసుకుని, 1818లో పుస్తకం వేశాడు. రాత్రిపూట ఊరి లోపల బయటికంటే ఎక్కువ వేడిగా ఉంటోందని తేల్చాడు. గమనించారా, రాత్రిపూట! రెండు వందల ఏళ్ల క్రితం లండన్ సంగతి మా అమ్మకి ఇప్పుడు అమలాపురంలో అనుభవమవుతోంది. 2011 జనాభా లెక్కల్లో మా ఊరు యాభై మూడు వేల చిల్లర. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లాకి ముఖ్యపట్టణమయ్యాక ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు ఇంకా పెరిగాయి. ఒకప్పుడు సాయంత్రం నాలుగయ్యేసరికి సముద్రం వైపు నుంచి పైరగాలి తిరిగేది. ఇప్పుడూ తిరుగుతుంది పాపం. గడియార స్తంభం దాకా రావడానికి దానికి తోవ దొరకడం లేదు.

దీనికి తోడు భూగోళమే వెనకటి కంటే ఒక డిగ్రీ పైగా వేడెక్కిందంటున్నారు శాస్త్రజ్ఞులు. బొగ్గు, చమురు, గాస్ మండించిన ఫలితం. గాస్ అంటే మాకు పరాయిది కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురు బావి అంటుకుని 65 రోజులు మండింది. మా అరుగు మీంచి చూస్తే రాత్రి పూట ఆ దిక్కున ఆకాశం ఎర్రగా ఉండేది. ఆ గాస్‌తో కరెంటు తయారై, ఆ కరెంటుతో ఎక్కడో ఏ.సి.లు తిరుగుతాయన్న మాట. మండేది మా కింద, చల్లబడేది ఎక్కడో.

వేడిని తప్పించుకోడానికి డబ్బున్నవాళ్లు ఎప్పుడూ ఏదో ఒక ఉపాయం చేస్తూనే ఉన్నారు. హైదరాబాదు వైపు వట్టివేళ్ల తడికెలు గుమ్మాలకి కట్టి నీళ్లు చల్లించేవారు. ఆ పొడిగాలికి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఇల్లంతా సువాసన కూడా. మా కోనసీమలో మాత్రం పనిచెయ్యదు. ఇక్కడ గాలే తడిబట్ట. ఇంకా తడి ఎక్కడ పీలుస్తుంది? మా తమ్ముడు ఒక ఏడాది కూలరు కొన్నాడు. వారం తిరిగేసరికి పుస్తకాలకి బూజు పట్టింది గాని మాకు చెమట ఆరలేదు. పాలమూరులో పనికొచ్చిన ఉపాయం రాజోలులో పనికి రాదు. ఉక్కపోత ఊళ్లకి కావలసింది గాలి కదలడమూ, నీడానూ.

దొరలయితే మంచుగడ్డలే తెప్పించుకున్నారు. అమెరికాలో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే ఆయన చెరువుల మీద గడ్డకట్టిన మంచుని కోయించి, రంపపుపొట్టులో చుట్టి, 1833లో బోస్టన్ నుంచి కలకత్తాకి ఓడ పంపాడు. దారిలో కరగ్గా వంద టన్నుల దాకా మిగిలిందట. అదే 1833. మన దగ్గర జనం డొక్కలు మాడి చస్తున్న ఏడాది! మద్రాసులో ఆ మంచు దాచడానికి 1842లో బీచి ఎదుట ఐస్ హౌస్ కట్టారు. మద్రాసులో ఉన్న మన తెలుగువాళ్లందరికీ తెలిసిన గుండ్రటి మేడ అది. యంత్రాలతో మంచు చెయ్యడం వచ్చాక ఆ వ్యాపారం పోయింది. 1897లో వివేకానందుడు అందులో బస చేశాడు. తర్వాత సిస్టర్ సుబ్బలక్ష్మి అందులో బాలవితంతువులకి హాస్టలు నడిపింది. దొరల సారాయిగ్లాసుల కోసం కట్టిన చల్లటి గోడల మధ్య, గుండు గీయించిన పసిపిల్లలు కూచుని అఆలు దిద్దుకున్నారు. ఈ ఒక్క విషయం కోసం ఆ మేడ మీద నాకు కోపం లేదు.

ఆ తర్వాతది మీకు తెలుసు. 1902లో కారియర్ అనే ఇంజనీరు అమెరికాలో ఒక అచ్చాఫీసు కోసం గాలిని ఆరబెట్టే యంత్రం చేశాడు. మనుషుల కోసం కాదు సుమండీ, తేమకి కాయితం ఉబ్బి రంగులు చెదిరిపోతున్నాయని! ఇవాళ్టి ఏ.సి.కి అదే మూలం. అది ఇంట్లో వేడిని మాయం చెయ్యదు, తీసుకెళ్లి వీధిలో పారేస్తుంది. మా వీధిలో ఆరిళ్లకి ఏ.సి.లున్నాయి. వాటి వెనక సందులో నడిచి పాలకి వెళ్లే ఆవిడ నడిగితే తెలుస్తుంది, ఆ వేడి ఎక్కడికి పోతోందో.

అసలు మన దేశంలో వేడికి విరుగుడు సొంతింటి వ్యవహారం కాదు. హాలుడి గాథాసప్తశతిలో ఒక చిన్న గాథ ఉంది. ఎండన పడి వచ్చిన బాటసారి చలివేంద్రంలో దోసిలి పడతాడు. నీళ్లు పోసే పిల్ల అందంగా ఉంటుంది. అతగాడు ఆమెనే చూస్తూ, తొందరగా దాహం తీరిపోకుండా వేళ్ల సందుల్లోంచి నీళ్లు జారవిడుస్తాడు. ఆ పిల్లా తక్కువది కాదు, ధార సన్నం చేసేస్తుంది. శాతవాహనుల నాటి మాట ఇది. రెండు వేల ఏళ్లుగా మన వీధుల్లో చలివేంద్రం ఉందన్న మాట. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు గోదారి దాటి వచ్చిన వాళ్లకి వేళ కాని వేళ అన్నం పెట్టిందంటే, అదీ ఈ వరసలోదే. ఇప్పుడూ అమలాపురంలో వేసవి వస్తే చలివేంద్రాలు పెడతారు. రిబ్బను కత్తిరించిన రోజు కుండ నిండుగా ఉంటుంది. నాలుగో రోజు గ్లాసుకి గొలుసు మిగులుతుంది.

వడదెబ్బని మనం చాలా కాలం విధి కింద జమకట్టేశాం. 2003లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు. 2015 మే నెలలో ఒక్క ఆంధ్రలోనే మళ్లీ వెయ్యి దాటింది. తుపానుకి పోయినంత మంది! తుపాను పేరు చెప్తే మావాళ్లు ఇప్పటికీ వణుకుతారు. ఎండ పేరు చెప్తే ఎవరూ వణకరు. చప్పుడు చెయ్యకుండా ఒక్కొక్కరినే పట్టుకుపోతుంది గనక కాబోలు.

గుజరాత్‌లో అహ్మదాబాదు వాళ్లు ముందు మేలుకున్నారు. 2010 మేలో అక్కడ 46.8 డిగ్రీలు కాసింది. ఆ నెలలో మామూలు కంటే 1,344 మంది ఎక్కువ చనిపోయారని లెక్క తేలింది. 2013లో ఆ ఊరి కార్పొరేషను ఎండల ప్రణాళిక ఒకటి తయారుచేసింది. ముందుగా హెచ్చరించడం, ఆస్పత్రుల్లో ఏర్పాట్లు, బస్తీల్లో ఇంటి కప్పులకి తెల్ల రంగు. ఆ తెల్లరంగు విద్యే 2017లో హైదరాబాదులో ఒక బస్తీలో పాతిక ఇళ్లకి ప్రయత్నించి చూశారు. కప్పు మీద తెల్లటి పరదాలాంటిది పరిస్తే లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గిందట. రెండే కదా అనకండి. జ్వరం వంద నుంచి నూట రెండయితే ఇంట్లో ఎంత హడావిడి చేస్తాం? 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని ఒక విధానంగానే ప్రకటించింది. ఆరు వందల గజాలు, ఆపైన స్థలంలో కట్టే కొత్త ఇళ్లకి చల్లకప్పు తప్పనిసరి అంది. 2028కల్లా మూడు వందల చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని లెక్క పెట్టుకుంది. అంత అవుతుందో లేదో గాని, అనుకోవడం మంచిదే.

ఇది చదివి మా తమ్ముడికి చెప్తే నవ్వాడు. "సున్నం వెయ్యడానికి ఇంత చరిత్ర ఎందుకక్కా! సంక్రాంతికి మామ్మ వేయించేది కాదా?" అన్నాడు. వేయించేది. గోడలకి. కప్పుకి ఆవిడకి అవసరం లేకపోయింది. తమ్ముడు అమ్మ గదికి ఏ.సి. పెట్టించేస్తానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "కిటికీలు మూసుక్కూచోడానికి నేనేం తప్పు చేశాను రా? కరెంటు పోతే అప్పుడేం చెయ్యను?" అంది. రెండో ప్రశ్నకి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

చివరికి గుల్లసున్నం తెప్పించాం. అందులో కాస్త తెల్ల సిమెంటు, ఫెవికాలు కలిపి మేడంతా రెండు పూతలు వేయించాం. అమ్మ గది మీద మాత్రం వెదుళ్లు పాతి, మనిషెత్తున తాటాకు పందిరి వేయించాం. స్లాబుకీ పందిరికీ మధ్య గాలి ఆడాలని నేను పట్టుబట్టాను. మామ్మ అటక గుర్తొచ్చి. గదికి పై వైపున, కప్పుకి ఆనుకుని రెండు వెంటిలేటర్లు కొట్టించాం. మేస్త్రీ, "అమ్మగారూ, ఈ రోజుల్లో ఎవరూ పెట్టట్లేదండి, పావురాలొస్తాయండి" అన్నాడు. పావురాలు వచ్చిన మాట నిజమే. వల కట్టించాం. మొత్తం ఖర్చు ఏ.సి. ఖరీదులో నాలుగో వంతు కూడా కాలేదు.

ఇందులో ఇబ్బందులు లేవని చెప్పను. వానలకి సున్నం కొట్టుకుపోతుంది, ఏటా వెయ్యాలి. తడిసిందంటే కాలు జారుతుంది. ఎదురు మేడ పిన్నిగారు, "మీ మేడ తళతళకి మా వంటింట్లో కళ్లు మూతలు పడుతున్నాయమ్మా" అని రెండుసార్లు కబురు పెట్టారు. మూడోసారి ఆవిడే వచ్చి, సున్నం ఎక్కడ దొరికిందని అడిగి వెళ్లారు. కింద అద్దెకున్నవాళ్లకి దీనివల్ల ఒరిగిందేమీ లేదు, వాళ్ల నెత్తిన మేమున్నాం. అసలు అవసరం ఉన్నది వీధి చివర రేకుల షెడ్డుల్లో ఉండేవాళ్లకి. వాళ్ల రేకులకి వెయ్యడానికి మిగిలిన సున్నం ఇచ్చాం. రెండిళ్లకి సరిపోయింది. ఇంకో పదకొండు ఇళ్లున్నాయి. వాటి సంగతి మునిసిపాలిటీ పట్టించుకోవాలా, మేం పట్టించుకోవాలా అని తమ్ముడూ నేనూ ఇప్పటికీ ఫోనులో వాదించుకుంటున్నాం.

పూతలయిన మూడో రోజు రాత్రి స్టూలెక్కి స్లాబుకి అరచెయ్యి ఆనించి చూశాను. గోరువెచ్చగా ఉంది. అంతకు ముందు ఇస్త్రీపెట్టె ముట్టుకున్నట్టుండేది. అమ్మ మేడ ఎక్కింది. తెల్లారి ఆరింటిదాకా లేవలేదు. ఆవిడ లేవలేదని మళ్లీ నా గుండె దడదడలాడింది గాని, నిద్రపోతోంది, అంతే.

దసరా వెళ్లాక తమ్ముడు ఫోను చేశాడు. తుపాన్ల రోజులొచ్చాయని పందిరి దింపించేశాట్ట. గాలికి లేచిందంటే ఎవరి మీద పడుతుందో తెలీదు గదా. 96 నాటి ఆ వీధి వాడికీ గుర్తుంది. వాడప్పుడు నాన్న చంకలో ఉన్నాడు. విప్పిన వెదుళ్లూ, బాగున్న ఆకులూ పారెయ్యనివ్వకుండా, వచ్చే ఏడాదికి పనికొస్తాయని అమ్మ మెట్ల కింద సర్దించిందట. తన చోటు పోయిందని పిల్లి రెండ్రోజులు అలిగి ఇంటికి రాలేదట. ఇప్పుడు మేడ మీద అమ్మ మంచం కింద పడుకుంటోందట.